వింత జంతువు వెనుక ఓ చిన్న పురుగు

తెల్లవారుజామున పొలం గట్టు మీద ఒక జంతువు కనిపించిందనుకుందాం. ఒంటి మీద వెంట్రుక లేదు. బూడిద రంగు చర్మం ముడతలు పడి ఉంది, పక్కటెముకలు బయటపడ్డాయి, తోక ఎలుక తోకలా ఉంది. కుక్కేనా అంటే కచ్చితంగా చెప్పలేం. ఎవరో ఫోన్‌లో తీసిన మసక వీడియో మధ్యాహ్నానికి ఊరంతా తిరుగుతుంది. సాయంత్రానికి కర్రలు బయటికి వస్తాయి.

ఇలాంటి కథల్లో ప్రపంచ ప్రసిద్ధి పొందింది 'చుపకాబ్రా'. స్పానిష్‌లో 'మేకలను పీల్చేది' అని అర్థం. 1995లో ప్యూర్టోరికోలో మొదలైన ఈ పుకారు అమెరికాలోని టెక్సస్‌కు పాకింది. అక్కడ 2007లో కువేరో పట్టణం దగ్గర రోమాల్లేని కళేబరం దొరికితే డీఎన్‌ఏ పరీక్ష చేశారు. తేలింది కయోటీ అని. అది మన నక్కలకు, తోడేళ్లకు దగ్గరి చుట్టం.

మరి రోమాలు ఎలా పోతాయి? చాలా సందర్భాల్లో కారణం సార్కాప్టిస్ స్కేబియై అనే సూక్ష్మజీవి. సాలీడు వర్గానికి చెందిన దీని పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడ పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుతూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. పురుగుకు, దాని విసర్జనకు శరీరం అలర్జీతో స్పందిస్తుంది. విపరీతమైన దురద పుడుతుంది. గోకి గోకి రోమాలు రాలతాయి, చర్మం మందమవుతుంది, పుండ్లలో బ్యాక్టీరియా చేరుతుంది. మనం గజ్జి అనేది దీన్నే. 'గజ్జి కుక్క' అని తిట్టుగా వాడే మాటలో రోగ నిర్ధారణ కూడా ఉంది.

నీరసించిన జంతువు వేటాడలేదు. అందుకే సులువైన తిండి కోసం పట్టపగలే ఇళ్ల దగ్గరికి, కోళ్ల గూళ్ల దగ్గరికి వస్తుంది. దాన్ని చూసి 'తెగించింది' అనుకుంటాం. నిజానికి అది ఆకలి.

రోమాలో ఈకలో లేకపోతే తెలిసిన జీవి కూడా మనకు కొత్తగా కనిపిస్తుంది. 2017లో విశాఖపట్నంలో నిర్మాణంలో ఉన్న భవనంలో 'గ్రహాంతర జీవులు' అంటూ తిరిగిన వీడియో గుర్తుందా? అవి ఈకలు పూర్తిగా రాని గుడ్లగూబ పిల్లలు.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాలతో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ విషయం ముఖ్యమే. మంగ్లా వంటి శివారు ప్రాంతాల్లో వీధి కుక్కలు, నక్కలు తిరిగే దారులు కలుస్తాయి. ఇదే ప్రాంతంలోని అచానక్‌మార్ 2009లో పులుల అభయారణ్యమైంది. అక్కడ రేచుకుక్కలూ ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద సంతానం కనే వయసులో ఉన్న రేచుకుక్కలు 2,500 కన్నా తక్కువేనని అంచనా. ఎర్రటి బొచ్చు, గుబురు నల్ల తోక పోతే రేచుకుక్కను గుర్తుపట్టడం కష్టం. 'వింత జంతువు' అని కొట్టి చంపితే పోయేది అంతరించే ప్రమాదంలో ఉన్న జీవి కావచ్చు.

గజ్జి అడవిలోకి వెళ్తే నష్టం చిన్నది కాదు. బ్రిటన్‌లోని బ్రిస్టల్ నగరంలో 1994లో మొదలైన గజ్జి, కొద్ది సంవత్సరాల్లోనే అక్కడి నక్కల్లో 95 శాతానికి పైగా తుడిచిపెట్టింది. మిషిగన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త బ్యారీ ఓకానర్ అభిప్రాయం ప్రకారం ఈ పురుగు మొదట మనుషులది. మన నుంచి కుక్కలకు, వాటి నుంచి అడవి జంతువులకు చేరింది.

కుక్కల గజ్జి మనకు సోకితే కొద్ది రోజులు దురద ఉంటుంది. ఆ రకం పురుగు మన చర్మంలో వంశం పెంచుకోలేదు కాబట్టి తగ్గిపోతుంది. కుక్కలకు మందులున్నాయి. అయితే ఐవర్‌మెక్టిన్ వంటివి కొన్ని జాతులకు ప్రమాదకరం కనుక పశువైద్యుడే ఇవ్వాలి.

అలాంటి జంతువు కనిపిస్తే దూరంగా ఉండి ఫొటో తీయండి, అటవీ శాఖకు తెలపండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే రేబిస్ టీకా కోసం వెళ్లండి. గజ్జికీ రేబిస్‌కూ సంబంధం లేకపోయినా, కాటును తేలిగ్గా తీసుకోకూడదు. మీ వీధి కుక్క గోక్కుంటుంటే ఇప్పుడే వైద్యం చేయించండి. అడవి అంచున ఉన్న ఊళ్లలో రేచుకుక్కల రక్షణ అక్కడే మొదలవుతుంది.