రైళ్ళు నడుచుచుండగనే స్టేషను కట్టుట — నంద్యాల అనుభవము

ఆళ్ళగడ్డకు రైలు లేదు. అహోబిలమునకు పోవు యాత్రికులు ఆ ఊరి మీదుగనే పోవుదురు. రాతిని దేవుడుగా మలచు శిల్పులకు ఆ ఊరు ప్రసిద్ధి. వారు చెక్కిన విగ్రహములు లారీల మీదనే దూరప్రాంతములకు తరలిపోవుచుండును. మనుష్యులు రైలెక్కవలెనన్నచో మాత్రము సుమారు నలుబది కిలోమీటర్లు బస్సులో ప్రయాణము చేసి నంద్యాల చేరవలయును. కావున నంద్యాల స్టేషనులో ఒక వంతెన ఆలస్యమైనను, ఒక ప్లాట్‌ఫారము పైకప్పు తొలగించబడినను, దాని కష్టము నంద్యాల పట్టణముతో ఆగిపోదు. ఆళ్ళగడ్డనుండి మనుమని చేయి పట్టుకొని వచ్చిన ముదుసలికిని, గుంటూరు వైద్యునికొరకు బయలుదేరిన రోగికిని అది తగులును. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల ప్రత్యేక జిల్లాకు కేంద్రమైనది. నాటినుండి ఆ స్టేషను జిల్లా అంతటికిని ముఖద్వారము.

ఈ స్టేషను వయస్సు తక్కువది కాదు. ధాత కరువని పెద్దలు చెప్పుకొను 1876–78 నాటి క్షామములో దత్తమండలములకు ధాన్యము చేరవేయు దారి లేక జనము మలమల మాడిపోయిరి. అటుపిమ్మట కరవు సీమలలో రైలు మార్గములు వేయవలెనను ఆలోచన ప్రబలమైనది. పడమటి తీరమునగల మార్మగోవా రేవునుండి గుంతకల్లు మీదుగా బెజవాడ వరకు సదరన్ మరాఠా రైల్వే కంపెనీ మీటరు గేజి మార్గమును 1890 నాటికి కలిపినది. ఆ దారిలో నంద్యాల ఒక మజిలీ. తూర్పున నల్లమల, అడవిలో లోయలు, సొరంగము. దొరబావి వద్ద లోయపై కట్టిన ఎత్తయిన వంతెన ఆనాటి ఇంజనీర్ల సాహసమునకు సాక్షి. 1990లలో మీటరు గేజిని బ్రాడు గేజిగా మార్చినప్పుడు మార్గమును కొంత జరిపిరి. నాటినుండి ఆ వంతెన మీదుగా రైళ్ళు నడువవు.

గేజి మార్పిడి అనగా పట్టాల మధ్య ఎడమును వేయి మిల్లీమీటర్లనుండి 1,676 మిల్లీమీటర్లకు పెంచుట. వినుటకు చిన్న మాట. కాని ఎడము పెరిగినచో వంతెన మారవలయును, మలుపు మారవలయును, ప్లాట్‌ఫారము అంచు వెనుకకు జరుగవలయును, సొరంగము వెడల్పు కావలయును. పేరునకు పాత స్టేషనే అయినను, ఒక విధముగా నంద్యాల స్టేషను అప్పుడే రెండవమారు పుట్టినది.

మూడవ పుట్టుకకు మరి ఇరువది ఏండ్లు పట్టినది. నంద్యాలనుండి బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా ఎర్రగుంట్లకు 123 కిలోమీటర్ల కొత్త మార్గము 1996–97లో మంజూరైనది. పూర్తిగా రైలు నడచినది 2016 ఆగస్టులో. మంజూరైన యేట పుట్టిన శిశువు, మార్గము తెరచునాటికి కళాశాల విద్యార్థి. ఈ నియోజకవర్గము 1977లో నీలం సంజీవరెడ్డిగారిని లోక్‌సభకు పంపినది. వారు ఆ యేడే రాష్ట్రపతి అయిరి. 1991 ఉపయెన్నికలో పి. వి. నరసింహారావుగారిని గెలిపించినది; వారు అప్పటికే ప్రధానమంత్రి. ఢిల్లీలో అంతటి పలుకుబడిగల ఊరు సైతము రెండు దశాబ్దములు ఎదురుచూచినదనగా, ఈ పనుల స్వభావము కొంత తెలియును. కొత్త మార్గములకు ధనము ఒక్కసారిగా రాదు. దేశమంతటను మంజూరైన మార్గములు అనేకము. బడ్జెటులో ఒక్కొక్కదానికి ఏటేటా కొంత కొంత విదిలింపు. ఆ కొంతతో మట్టికట్ట పోయుదురు. మరుసటి యేటికి సిమెంటు ధర, ఇనుము ధర పెరుగును. భూమికి పరిహారము పెరుగును. అంచనా మరల వ్రాయుదురు. ఆళ్ళగడ్డవారి దురదృష్టమేమనగా, ఇంత తపస్సు తరువాత వచ్చిన మార్గము కూడ వారికి పడమటి దిక్కుగా తప్పుకొని పోయినది.

ఎర్రగుంట్ల మార్గముతో నంద్యాల జంక్షనైనది. జంక్షను అనగా గౌరవము మాత్రమే కాదు, చిక్కు కూడ. ఇచ్చట శ్రోతలలో పలువురు అడుగు ప్రశ్నను గూర్చి కొంత వివరముగా చెప్పవలసి యున్నది. ఇల్లు కట్టుటకు ఒక యేడు, పెద్ద మేడ కట్టుటకు రెండేండ్లు చాలునుగదా, స్టేషనులో ఒక వంతెనకు ఇంత కాలమేల?

ఇల్లు బాగుచేయునప్పుడు కాపురము పొరుగింటికి మార్చుకొందుము. స్టేషనుకు పొరుగిల్లు లేదు. రైళ్ళు వచ్చుచునే యుండును, వాటి మధ్యనే పని. పట్టాల మీదుగా ఇనుప దూలము ఎత్తవలెనన్నచో, కొన్ని గంటలపాటు రైళ్ళను ఆపు అనుమతి కావలయును. దానిని రైల్వేవారు బ్లాకు అందురు. పైన తీగలలో ఇరువదియైదు వేల వోల్టుల విద్యుత్తు ప్రవహించుచుండును గనుక, దానిని కూడ ఆపవలయును. ఈ రెండును, క్రేనును, మనుష్యులును ఒకే వేళకు కుదురవలయును. రాత్రి రెండు గంటల బ్లాకు దొరకవలసిన నాడు ఒక ఎక్స్‌ప్రెస్ గంటన్నర ఆలస్యముగా వచ్చినదనుకొనుడు. ఆ రాత్రి పని పోయినట్లే. మరల బ్లాకు ఎప్పుడో.

అంతకంటె సూక్ష్మమైనది ఇంటర్‌లాకింగు. రెండు గదులున్నవి, రెండింటికిని ఒకే తాళపుచెవి యున్నది, తెరచిన గది తాళములోనే చెవి చిక్కుకొని యుండును అనుకొనుడు. మొదటి గది మూసిననే గాని రెండవది తెరువలేరు. స్టేషనులో పట్టాల మళ్ళింపులకును సిగ్నళ్ళకును ఇటువంటి కట్టుబాటే కలదు. ఒక రైలుకు దారి ఇచ్చినచో, దానికి అడ్డువచ్చు ఏ ఇతర దారియు తెరచుకొనదు. పాతకాలమున ఇది ఇనుప కడ్డీలతో జరిగెడిది, నేడు విద్యుత్ పరికరములతో జరుగుచున్నది. స్టేషనులో ఒక కొత్త పట్టా కలిపినను, ఈ కట్టుబాటునంతటిని విప్పి మరల కూర్చి, ప్రతి దారిని పరీక్షింపవలయును. ఆ రోజులలో మళ్ళింపులను మనుష్యులు చేతితో బిగించి తాళము వేయుదురు. రైళ్ళు నత్తనడక నడచును, కొన్ని రద్దగును. పత్రికలలో “నాన్ ఇంటర్‌లాకింగు పనుల కారణమున రైళ్ళ రద్దు” అని కనబడు వార్తకు అర్థమిదియే. ఈ ఆలస్యమును మాత్రము విసుగుకొనకుండ భరింపవలెనని నా మనవి. ఇచ్చట తొందరపడుట ప్రాణములతో చెలగాటము. కొత్త మార్గమును తెరచుటకు ముందు రైల్వే భద్రతా కమిషనరు తనిఖీ చేసి అనుమతింపవలయును. ఆ కమిషనరు రైల్వే మంత్రిత్వశాఖ క్రింద గాక విమానయాన శాఖ క్రింద నుండుట ఒక మంచి యేర్పాటు: కట్టినవారే తమ పనికి తాము మార్కులు వేసికొనరు.

పాత స్టేషన్లలో నేలక్రింద ఇంకొక లోకము కలదు. దశాబ్దముల తరబడి వేసిన సిగ్నలు కేబుళ్ళు, టెలిఫోను తీగలు, నీటి గొట్టములు. త్రవ్వకములో ఒక కేబులు తెగినచో ఆ స్టేషను సిగ్నళ్ళు మూగవోవును. కనుక యంత్రముతో నిమిషములో త్రవ్వదగిన గోతిని గడ్డపారతో ఒక పూట త్రవ్వుదురు.

పెద్ద స్టేషనుల పాట్లు ఇంకను పెద్దవి. నిజాము కాలమున 1874లో ఏర్పడిన సికింద్రాబాదు స్టేషనును సుమారు 720 కోట్ల రూపాయల వ్యయముతో పునర్నిర్మించుటకు 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగినది. పాత కట్టడమును కూల్చినది 2025 ఫిబ్రవరిలో. నడుమ దాదాపు రెండేండ్లు ఏమైనవని అడుగవచ్చును. టిక్కెట్టు కార్యాలయములు, విశ్రాంతి గదులు, తీగలు, గొట్టములు వేరొక చోటికి తరలింపక పాత గోడ నొక్కదానిని కూడ ముట్టుకొన వీలుకాదు. రైళ్ళను మళ్ళించుటకు 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినలును తెరచిరి. అది లేకున్నచో సికింద్రాబాదులో నెలల తరబడి ప్లాట్‌ఫారములు మూయుట సాధ్యమయ్యెడిదే కాదు. పూర్తిచేయుటకు మొదట పెట్టుకొన్న 2025 అక్టోబరు గడువు మాత్రము నిలువలేదు. నంద్యాలకు చర్లపల్లి వంటి తోబుట్టువు లేదు; ఉన్నదానిలోనే సర్దుకొనవలయును.

2023లో మొదలైన అమృత భారత్ స్టేషను పథకములో ఆంధ్రప్రదేశమునుండి డెబ్బదికి పైగా స్టేషనులు చేరినవి. నంద్యాల అందొకటి. ముఖభాగము, వెడల్పయిన కాలివంతెన, లిఫ్టులు, వేచియుండు గదులు, వాహనములు నిలుపు స్థలము — ఇవి ఆ పథకములోని సామాన్య లక్షణములు. 2025 మే 22న దేశమంతటను 103 స్టేషనులను ప్రారంభించినప్పుడు ఆంధ్రప్రదేశమునకు దక్కినది సూళ్ళూరుపేట ఒక్కటే. తెలంగాణమున బేగంపేట, కరీంనగరము, వరంగల్లు. ఈ లెక్కను చూచినచో జాప్యము నంద్యాలకు ప్రత్యేకమైనది కాదని తెలియును. అది ఓదార్పు కాదు, వాస్తవము.

మరియొక వంక గుంటూరు–గుంతకల్లు మధ్య 401 కిలోమీటర్ల రెండవ పట్టా పని సాగుచున్నది. అది 2016–17లో మంజూరైనది. ఒకే పట్టా ఉన్నంతకాలము ఎదురురైలు కొరకు ఆగుట తప్పదు. రెండవది పడినచోటులనెల్ల ఆ నిరీక్షణ తగ్గినది. కొండలోయల నడుమ నల్లమలలో పని సహజముగనే కఠినము.

బ్లాకు దొరకక ఆలస్యమైన పనిని క్షమింపవచ్చును. కాని పనుల వరుసలో చేయు పొరపాటును క్షమించుట కష్టము. లిఫ్టునకు ముందే శోభాయమానమైన ముఖద్వారము నిలిపినచో ఛాయాచిత్రములకు బాగుండును. మోకాళ్ళ నొప్పులవారికి ఒరిగినదేమి? పైకప్పు తీసిన ప్లాట్‌ఫారముపై నాలుగు రేకులైనను వేయకున్నచో రాయలసీమ యెండలో, మే మాసములో, మధ్యాహ్నపు రైలుకు వచ్చినవాడు ఎచ్చట నిలువవలయును? తాత్కాలికపు నీడ, త్రాగునీరు, రైలు ఏ ప్లాట్‌ఫారముపై వచ్చునో ముందుగా తెలుపు ప్రకటన — వీనికి బ్లాకు అక్కరలేదు, కమిషనరు అనుమతియు అక్కరలేదు.

ఆళ్ళగడ్డవారి విషయములో నాకు తోచునది మరియొకటి కలదు. స్టేషను ఎదుటి ఆవరణను తీర్చునప్పుడు కారులకు, ఆటోలకు చోటు విడుతురు. బస్సు వచ్చి నిలుచుటకును అంతటి చోటు విడిచినచో, తెల్లవారుజామున రైలుదిగి అహోబిలము పోవు యాత్రికుడును, మూటతో ఇల్లు చేరు ఆళ్ళగడ్డ రైతును బస్టాండుకు ఆటో బేరమాడు పని తప్పించుకొందురు. ఆవరణకు రాళ్ళు పరచుటకు ముందే ఈ నిర్ణయము జరుగవలయును. పరచిన పిమ్మట దానిని మార్చుటకు మరల ఒక అంచనా, మరల ఒక టెండరు.