పేగులో పేగు దూరినప్పుడు

యంత్రం మొరాయించబోతున్నదని శబ్దాన్నిబట్టి పసిగట్టడం మా వృత్తి. ముప్పయ్యేళ్ళుగా పంపులకు, వాల్వులకు చెవి ఒగ్గి నిలబడిన మేము ఎనిమిది నెలల మా దౌహిత్రుని ఏడుపును మాత్రం సకాలంలో అర్థం చేసుకోలేకపోయాము. ఈ సంచికకు కండెన్సరు గొట్టాలను గురించి వ్రాయవలసియుండగా, దానిని వాయిదా వేసి ఇది వ్రాస్తున్నాము. మన కాలనీలో పసిబిడ్డలున్న ఇళ్ళు తక్కువేమీ కావు.

పిల్లవానికి వారం రోజులుగా జలుబు, కొద్దిపాటి జ్వరం. తగ్గుముఖం పట్టిందని సంతోషిస్తుండగా, ఒక మధ్యాహ్నం కెవ్వున ఏడ్చి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకున్నాడు. రెండు మూడు నిమిషాలలో ఊరుకొని గిలక్కాయ అందుకున్నాడు. ఇరవై నిమిషాలకు మళ్ళీ అదే ఏడుపు. మా శ్రీమతి దిష్టి తీసి, వాము నీళ్ళు పట్టింది. సాయంకాలం దగ్గరలోని వైద్యుడొకరు చూసి, గాలి చేరిందని చుక్కల మందు వ్రాసియిచ్చారు. ఆయనను పూర్తిగా తప్పుపట్టలేము. ఆయన చూసే సమయానికి బిడ్డ నవ్వుతున్నాడు. ఏడుపుకూ ఏడుపుకూ నడుమ వ్యవధి ఎంత అని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. రాత్రికి ఆకుపచ్చని వాంతులు మొదలైనవి. బిడ్డ ఏడవడం కూడా మానివేసి తోటకూర కాడవలె వాలిపోయాడు. తెల్లవారుజామున ఎర్రని జెల్లీవంటి జిగట విరేచనం చూసిన తరువాతగాని పట్నంలోని పెద్దాసుపత్రికి పరుగెత్తలేదు.

అక్కడ అల్ట్రాసౌండు తెరమీద మధ్యలో చిల్లిపెట్టిన గారెవంటి ఆకారం కనబడినది. పేగులో పేగు దూరిందన్నారు. దీనిని ఇంటస్ససెప్షన్ అంటారు.

ట్రాన్సిస్టరు ఏరియలు ఒక గొట్టంలోకి మరొకటి ముడుచుకొనుట అందరమూ చూసినదే. ఇక్కడ జరిగేది దాదాపు అదే. చిన్నపేగు చివరిభాగపు గోడలో లింఫు కణజాలం దట్టంగా ఉంటుంది. అడినోవైరస్ వంటి వైరస్‌లు సోకినప్పుడు అది వాచి బొడిపె కట్టవచ్చును. పేగు ఆ బొడిపెను ఆహారపు ముద్దగా భ్రమించి ముందుకు నెడుతుంది. దానివెంట పేగు గోడ కూడా పెద్దపేగులోకి జారిపోతుంది. వైరస్ సోకిన ప్రతి బిడ్డకూ ఇట్లు జరుగదు. చాలామందిలో ఫలానా కారణమని నిర్ధారించడమూ సాధ్యం కాదు. మూడు నెలలు మొదలు మూడేళ్ళ లోపు, అందునా తొలి ఏడాదిలో, ఆడపిల్లలకంటె మగపిల్లలలో ఇది ఎక్కువ.

అసలు ప్రమాదం రక్తనాళాలది. దూరిన పేగుతోపాటు అవి కూడా లోపలికి లాగబడి నలుగుతాయి. పీడనం తక్కువగా ఉన్న సిరలు ముందు మూసుకుంటాయి. ధమనులు మాత్రం రక్తాన్ని పంపుతూనే ఉంటాయి. బయటికి పోవు వాల్వు మూసి, లోనికి వచ్చు వాల్వు తెరచియుంచితే ఏమవుతుందో మన మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. పేగు ఉబ్బి, రక్తమూ జిగురూ కలిసి స్రవిస్తాయి. అదే ఆ ఎర్రని జెల్లీ. అది ఆలస్యంగా కనబడే గుర్తు, కొందరిలో కనబడనే కనబడదు. ఇంకా జాప్యమైతే పేగు కుళ్ళి చిల్లి పడవచ్చును.

చికిత్స చూసి మాలోని ఇంజనీరు ఆశ్చర్యపోయాడు. సుమారు మీటరు ఎత్తున సెలైను వ్రేలాడదీసి, మలద్వారం గుండా ఎక్కించి, ఆ పీడనంతోనే పేగును వెనుకకు నెట్టారు. మీటరు నీటిమట్టమంటే సుమారు 74 మిల్లీమీటర్ల పాదరస పీడనం! గాలితో చేసేచోట 120 దాటనివ్వరు. ఇట్టి పద్ధతిని డెన్మార్కు వైద్యుడు హరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1876లోనే వర్ణించాడు. పేగుకు చిల్లి పడినా, ఈ ప్రయత్నం విఫలమైనా శస్త్రచికిత్స తప్పదు.

చుక్కల టీకా వలన వచ్చిందేమోనని మా అమ్మాయి కుమిలిపోయింది. ఆ అనుమానం నిరాధారం కాదు. అమెరికాలో 1998లో వచ్చిన రోటాషీల్డ్ అనే రోటావైరస్ టీకాను ఈ ఉపద్రవం కారణంగానే 1999లో ఉపసంహరించారు. పదివేలమందిలో సుమారు ఒకరికి వచ్చినట్లు అంచనా. మన రోటావాక్ వేరు. ఢిల్లీలో ఒక నవజాత శిశువు నుండి సేకరించిన వైరస్‌తో, హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసినది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమం క్రింద దీనిని మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన దేశపు ఆసుపత్రులలో జరిపిన పరిశీలన 2020లో ప్రచురితమైనది. ఈ టీకా వలన ఈ జబ్బు పెరిగినట్లు అందులో తేలలేదు. పైగా మావాడికి చివరి మోతాదు పడినది 14వ వారంలో. ఇంత వివరించినా అమ్మాయి నమ్మడానికి రెండు రోజులు పట్టింది.

పేగు మళ్ళీ దూరే అవకాశం పదిమందిలో ఒకరికి ఉంటుందట, ముఖ్యంగా మొదటి రెండు రోజులలో. ఆసుపత్రిలో రెండవ రాత్రి పిల్లవాడు హఠాత్తుగా ఏడ్చాడు. మేమిద్దరమూ ఒకేసారి గడియారం చూసుకున్నాము. ఇరవై నిమిషాలు గడచినవి, నలభై గడచినవి. పాలు త్రాగి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు.