బండలాగే బలం, పరుగెత్తే బలం

ఆళ్లగడ్డ పాఠకుడొకరు ఉత్తరం రాశారు. వాళ్లబ్బాయి నంద్యాలలో వంద మీటర్ల పరుగు సాధన చేస్తున్నాడట. కోచ్ మాత్రం కుర్రాడు ఎత్తగలిగిన బరువులో 75–80 శాతానికి మించి పెట్టనివ్వడం లేదట. "బండలాగుడు ఎద్దులకు బరువు పెంచుకుంటూ పోతాం కదా, మావాడికెందుకు వద్దు?" అని అడిగారు. ఆ ప్రశ్న చదివాక నాకు వేరే పని మీద మనసు నిలవలేదు.

బండలాగుడులో గడువులోగా ఎంత దూరం లాగాయన్నదే లెక్క. గిట్ట నేలకు తన్నిపెట్టి బలం కూడదీసుకునే వ్యవధి ఎద్దుకు ఉంటుంది. జోరు మీదున్న స్ప్రింటర్ పాదం నేలను తాకి ఉండేది సెకనులో దాదాపు పదో వంతే. కాలి కండరాలు పూర్తి బలానికి చేరాలంటే దానికి మూడింతల సమయమైనా పడుతుంది. కాబట్టి ఆ పదో వంతులో దిగిన బలమే పరుగుకు దక్కుతుంది. అంత చిన్న క్షణాలే ఫలితం తేలుస్తాయి. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2024 మేలో ఫిన్లాండ్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో ముగించింది. పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత 12.77. తేడా సెకనులో నూరో వంతు!

అసలు కథ వెన్నుపాములో ఉంది. అక్కడ కండరాలను నడిపే ఒక్కో నాడీకణం కింద కొన్ని కండర తంతువులు పనిచేస్తాయి. ఈ జట్టు పేరు మోటార్ యూనిట్. చిన్న జట్లు నిదానమైనవి, అంత తొందరగా అలసిపోవు. పెద్ద జట్లు చురుకైనవి, బలమైనవి. 1957లో ఎల్వుడ్ హెన్నెమన్ పిల్లుల మీద ప్రయోగాలు చేసి, వీటికి పిలుపు వరసగా అందుతుందని చూపించాడు: చిన్నవి ముందు, పెద్దవి చివర.

చాలామంది పొరబడింది ఇక్కడే. పెద్ద జట్లు లేవాలంటే పెనుబరువు పెట్టాలి, లేదా కూలబడేదాకా ఎత్తాలి అని తేల్చేశారు. ఇప్పటికీ ఎన్నో జిమ్‌లలో అదే వేదం. అయితే 1977లో బ్రస్సెల్స్‌లో డెస్మెట్, గోడో మోకాలి కింద ముందువైపు కండరంలో సూదుల్లాంటి ఎలక్ట్రోడ్లు గుచ్చి చూశారు. బలాన్ని మెల్లగా పెంచినప్పుడు ఆలస్యంగా మేల్కొనే యూనిట్, ఒక్క ఉదుటున లాగమన్నప్పుడు చాలా తక్కువ బలం దగ్గరే లేచింది. వరస మారలేదు, గడప ఎత్తు తగ్గింది!

ఇంకా అద్భుతం 1993లో కెనడాలో బేమ్, సేల్ చేసిన ప్రయోగం. ఒక పాదాన్ని కదలకుండా బిగించి, ఉన్న చోటే విసురుగా పైకి లాగే ప్రయత్నం చేయమన్నారు. రెండో పాదాన్ని నిజంగానే వేగంగా కదిలించమన్నారు. కొన్ని వారాల తర్వాత వేగంగా కదిలేటప్పటి బలం రెండింటికీ ఒకేలా పెరిగింది. ఉదుటున కదపాలన్న ప్రయత్నమే నాడికి పాఠం.

మరి వేగం పడిపోయాక కూడా ఎత్తుతూ పోతే? స్పెయిన్‌లో పరేహా-బ్లాంకో బృందం 8 వారాలు స్క్వాట్లు (భుజాల మీద బరువుల బార్‌తో గుంజీలు) చేయించింది. ఒక జట్టు బార్ వేగం 20 శాతం పడగానే సెట్ ఆపింది, మరో జట్టు 40 శాతం పడేదాకా లాగింది. బలం రెండు జట్లకూ దాదాపు సమానంగానే వచ్చింది. ఎగిరే ఎత్తు మాత్రం మొదటి జట్టుకు 9.5 శాతం, రెండో జట్టుకు 3.5 శాతం పెరిగింది. ఎక్కువ శ్రమపడ్డవారి కండలు బాగా లావెక్కాయి, కానీ వాటిలో అత్యంత వేగవంతమైన తంతువుల వాటా తగ్గింది. పరుగు పిల్లలను చెమట కొలతతో మెచ్చుకునేవారు ఈ ఒక్క ఫలితం చదివితే చాలు.

కాబట్టి అయ్యా, మీ కోచ్ లెక్క సరైనదే. భంగిమ కుదిరాకే బరువు పెట్టించండి. వీలైతే పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీయండి. బార్ నెమ్మదించడం కనబడగానే సెట్ ఆపించండి, ఇంకో రెండు ఎత్తగలనని అబ్బాయి బతిమాలినా సరే.