పైరుల వీడియోలు - వర్ణములను సరిచేయు విధము

ఆకు రంగును జూచి పైరు స్థితిని గ్రహించుట కర్షకులకు పరంపరాగతమైన విద్య. నత్రజని కొరవడినప్పుడు ముదురాకులు ముందుగా పసుపుబారును. ఇనుము కొరవడినప్పుడు లేతాకులు పసుపుబారి, ఈనెలు మాత్రము పచ్చగా నుండును. మొదటి లోపమునకు యూరియాయు, రెండవదానికి అన్నభేది ద్రావణమును వాడుదురు. నేడు పెక్కుమంది సభ్యులు పైరును సెల్‌ఫోనుతో వీడియో తీసి, ఇంటర్నెట్టు ద్వారా వ్యవసాయ శాస్త్రజ్ఞులకు జూపి సలహా గోరుచున్నారు. వీడియోలో వర్ణములు తప్పినచో సలహాయు తప్పవచ్చును. అప్పుడు ధనమును, అదనును రెండును వ్యర్థములగును. కావున వర్ణములను సరిచూచు విధము నిచట వివరించుచున్నాము.

చిత్రీకరణము: ఆకు చెంత నొక తెల్లకాగితము నుంచి దానినిగూడ చిత్రింపవలయును. ఫోనునందు హెచ్.డి.ఆర్. అను ఏర్పాటున్నచో దానిని నిలుపుట మేలు. ఏలయన అట్లు తీసిన వీడియో కొన్ని తెరలమీద పాలిపోయి కనబడును. వీడియోలలో వెలుగును ప్రతి చుక్కకును, రంగును సాధారణముగా నాలుగు చుక్కల కొకమారును మాత్రమే నమోదు చేయుదురు. కావున చిన్న మచ్చలను దగ్గరనుండియే తీయవలయును.

వెలుగు మట్టములు: సామాన్యమైన వీడియోలో వెలుగును 0 మొదలు 255 వరకు గల యంకెలతో గుర్తింతురు. కంప్యూటరు చిత్రములలో 0 నలుపు, 255 తెలుపు. టెలివిజను సంప్రదాయమున 16 నలుపు, 235 తెలుపు. ఇంటర్నెట్టు వీడియోలలో నధికభాగ మీ రెండవ పద్ధతినే యనుసరించును. రెండవ పద్ధతి చిత్రమును మొదటి పద్ధతిదిగా నెంచి చూపినచో, నలుపు బూడిదవర్ణమై, పచ్చని యాకు సయితము వెలవెలబోవును. ఇందుకు విపరీతముగా జరిగినచో నీడలు కారునలుపై, వెలుగులు తెల్లబారి, తెగులు మచ్చలు మరుగుపడును. కావున ఎడిటింగు నందును, తుది ఫైలు నందును ఒకే పద్ధతిని వాడవలయును.

ఎడిటింగులో 'లెవెల్స్' అను సాధనమున నలుపును, తెలుపును, నడిమి వెలుగును వేర్వేరుగా జరుపవచ్చును. కాగితముపై ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడును ఇంచుమించు సమానముగా నుండునట్లు చేసినచో తక్కిన వర్ణములు చాలవరకు కుదురును. పైరు నిగనిగలాడుటకై పచ్చదనమును పెంచుట రోగమును దాచుటయే యగును.

తుది ఫైలు: రెండరింగు వేళ ఎమ్‌.పి.4 ఫైలును, హెచ్.264 పద్ధతిని, బి.టి.709 వర్ణ ప్రమాణమును ఎంచుకొనవలయును. సెకనుకు ఎన్ని ఫ్రేములు తీసితిరో అన్నియే యుంచవలయును. 1080 వరుసల వీడియోకు 30 ఫ్రేముల వరకు సెకనుకు 8 మెగాబిట్లు, 60 ఫ్రేములకు 12 మెగాబిట్లు యూట్యూబ్ సూచించు ప్రమాణములు. వాట్సాప్ మామూలు వీడియోను కుదించి పంపును గనుక, దానిని డాక్యుమెంటుగా పంపుట యుక్తము.

పంపుటకు ముందు వీడియోను వేరొక ఫోనులో నాడించి, నిజమైన యాకును ప్రక్కన బెట్టి పోల్చి చూడుడు. రెండును సరిపోలినచో పంపవచ్చును. లేనియెడల మరల సరిచేయుడు. మంచి వీడియోయైనను మట్టిపరీక్షకు బదులు కాజాలదు. కాని వర్ణము నిజమైనయెడల, దూరముననున్న శాస్త్రజ్ఞుడు పొలముగట్టుపై నిలిచి చూచినంతటి మేలు సభ్యులకు కలుగగలదు.