కోడంబాకం గేటు పడిందంటే హీరో కారైనా ఆగాల్సిందే!

సినిమా పిచ్చి పట్టి, ఇంట్లో చెప్పాపెట్టకుండా మద్రాసు రైలెక్కిన తెలుగు కుర్రాడు ఎక్కడ దిగేవాడు? సెంట్రల్‌లో అంటారు మీరు. అది సగం నిజమే! సెంట్రల్‌లో దిగినంత మాత్రాన సినిమా ఊరు చేరినట్టు కాదు. పెట్టె చేత్తో పట్టుకుని రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న పార్క్ స్టేషన్‌లో టిక్కెట్టు కొని, తాంబరం వైపు వెళ్లే కరెంటు రైలెక్కాలి. ఎగ్మూరు, చెట్‌పట్, నుంగంబాకం... నాలుగో స్టేషన్ కోడంబాకం. అక్కడ కాలు పెడితే పెట్టినట్టు!

స్టూడియోల చరిత్రలు బోలెడు వచ్చాయి. తారల జీవితాలు ఇంకా బోలెడు. వాళ్లలో ఎందరినో మోసిన ఈ బుల్లి స్టేషన్ మాత్రం ఎవరి కథలోనైనా ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. అందుకే ఈసారి దీని కథ.

బీచ్ నుంచి తాంబరం దాకా కరెంటు రైళ్లు నడవడం 1931లో మొదలైంది. నడిపింది అప్పటి సౌత్ ఇండియన్ రైల్వే. మీటరుగేజి పట్టాల మీద కరెంటు బండి పరుగెత్తడం మన దేశంలో అదే మొదటిసారి. తమాషా ఏమిటంటే, దక్షిణాది తొలి టాకీ ‘కాళిదాస్’ విడుదలైందీ ఆ ఏడాదే! అందులో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో పలికితే నాయకుడు తెలుగులో బదులిస్తాడు. అయితే ఆ సినిమా తీసింది మద్రాసులో కాదు, బొంబాయిలో. అంటే సినిమా వాళ్ల కంటే ముందే కోడంబాకానికి కరెంటు రైలు వచ్చి కూర్చుందన్నమాట.

అప్పట్లో కోడంబాకం ఊరి చివర. నవాబుగారి గుర్రాలు ఇక్కడ ఉండేవని, ‘ఘోడా బాగ్’ అన్న మాటే నలిగి నలిగి కోడంబాకం అయిందని ఒక కథ చెబుతారు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. పట్టాలకు తూర్పున, పెద్ద చెరువొకటి పూడ్చి 1920లలో టి. నగర్ కట్టారు. ఆ పేరులోని త్యాగరాయ చెట్టిగారూ, నడిబొడ్డున పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజావారూ తెలుగువాళ్లే! పట్టాలకు పడమర అన్నీ తోటలు, ఖాళీ నేలలు. ఫ్లోర్లు కట్టాలంటే కావలసింది అలాంటి చోటే కదా! 1948లో ఏవీఎం కారైకుడి నుంచి ఇటే వచ్చింది. బి.ఎన్. రెడ్డిగారి వాహినీ వడపళనిలో వెలిసి, తర్వాత నాగిరెడ్డిగారి చేతుల్లో విజయా-వాహినీ అయింది. భానుమతీ రామకృష్ణల భరణీ, ఎల్.వి. ప్రసాద్‌గారి స్టూడియో ఇంకా పడమరగా, సాలిగ్రామంలో.

ఇక చూడండి... ఇళ్లు తూర్పున, షూటింగులు పడమర, మధ్యలో రైలు పట్టాలు! ఎన్.టి. రామారావుగారి ఇల్లు బజుల్లా రోడ్డులో. వాహినీకి వెళ్లాలంటే పట్టాలు దాటాలి. దాటాలంటే లెవెల్ క్రాసింగ్ గేటు. గేటు పడిందంటే కాల్షీటు ఎవరిదైనా సరే, కారు ఆగాల్సిందే. ఆ సంగతి జనానికి తెలియదా? రైలు టైములు కంఠతా పట్టి మరీ గేటు దగ్గర కాపు కాసేవారు. కారు అద్దంలోంచి కనిపించిన అరచెంప చూసి, ఆ వారమంతా చెప్పుకునేవారు.

మా పెద్దమామయ్య ఈ గేటు గురించే ఎక్కువ చెప్పేవాడు. తెనాలి నుంచి 1963లో వచ్చాడాయన. హీరో అవుదామని. కోడంబాకంలో నలుగురితో కలిసి ఒక గది. పౌరాణికాల్లో ఈటె పట్టుకుని నిలబడే వేషాలు. అవీ ఎక్స్‌ట్రా సప్లయరు పిలిస్తేనే. స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనిచ్చేవాడు కాదట. రైల్వే గేటు దగ్గర అలా కాదు, ఎంత పెద్ద నిర్మాత కారైనా చేతికందే దూరంలో ఆగేది! ఒకసారి ధైర్యం చేసి ఒక కారు అద్దం మీద వేలితో తట్టాడట. లోపలి మనిషి అద్దం దించేలోపు రైలు వెళ్లిపోయింది, గేటు లేచింది, కారు కదిలింది. ఆ కారు ఎవరిదన్నది మాత్రం ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. మూడేళ్లు ఉండి అదే స్టేషన్‌లో తిరుగు రైలెక్కాడు. తెనాలిలో బట్టల కొట్టు పెట్టాడు. పౌరాణికం టీవీలో వచ్చిందంటే సైన్యం కనిపించే సీనులో మాత్రం అందరినీ నోరు మూసుకోమనేవాడు.

ఆయన ఉండగానే, 1965లో, గేటు స్థానంలో పైవంతెన వచ్చింది. ట్రాఫిక్‌కు మేలే, కాదనను. కానీ ఆ తర్వాత కార్లు పైనుంచి, జనం కిందనుంచి!

తర్వాత సంగతి మీకు తెలిసిందే. 1976లో హైదరాబాదులో అక్కినేని అన్నపూర్ణా స్టూడియోస్ తెరిచారు. రామారావుగారు కూడా అక్కడే స్టూడియో కట్టారు. ఒక్కొక్కరే తరలిపోయారు. పెద్దవాళ్లకేం, ఇల్లమ్మి ఇల్లు కొనుక్కుంటారు. లైట్‌బాయ్‌లు, గ్రూపు డాన్సర్లు, జూనియర్ ఆర్టిస్టుల సంగతేమిటి? పిల్లలు తమిళ బడుల్లో చదువుతున్నారు, అద్దె అడ్వాన్సులు ఇక్కడ ఇరుక్కున్నాయి, కొత్త ఊళ్లో పిలిచే సప్లయరు లేడు. చాలామంది ఉండిపోయారు. తమిళ సినిమాకు ‘కాలీవుడ్’ అని పేరు పెట్టుకున్నప్పుడు అందులో మొదటి అక్షరం కోడంబాకానిదే. మన సినిమాలూ ఇక్కడే పుట్టాయన్న ఆనవాలు ఆ పేరులో లేదు.

మొన్న చెన్నై వెళ్లినప్పుడు పార్క్ స్టేషన్‌లో రైలెక్కాను. మీటరుగేజి కరెంటు రైళ్లు 2004 జులైలో ఆగిపోయాయి. ఇప్పుడంతా బ్రాడ్‌గేజి. కోడంబాకంలో నాతో దిగినవాళ్లంతా ఆఫీసు బ్యాగుల వాళ్లు, కాలేజీ పిల్లలు. ఇది ఒకనాడు సినిమా వాకిలి అని చెప్పే బోర్డు ఒక్కటీ ప్లాట్‌ఫారం మీద నాకు కనబడలేదు. సినిమా షూటింగులకు రైల్వే వాళ్లు అద్దె లెక్క కట్టి మరీ వసూలు చేస్తారు కదా, అందులోంచి ఒక రేకు బోర్డు రాయించలేరా?

మీలో ఎవరైనా వెళితే పైవంతెన ఎక్కి ఒక్క నిమిషం పడమరకు తిరిగి నిలబడండి. ఆర్కాటు రోడ్డు నేరుగా వడపళనికి పోతుంది. విజయా-వాహినీ ఫ్లోర్లున్న నేల మీద ఇప్పుడు ఆసుపత్రి, షాపింగ్ మాలు ఉన్నాయి. ఆ మాలులో సినిమా హాళ్లూ ఉన్నాయి. ‘మాయాబజార్’ తీసిన చోట టిక్కెట్టు కొని సినిమా చూడొచ్చు! ఇంకాస్త ముందుకెళితే ఏవీఎం గ్లోబు. 2023లో అక్కడ పాత కార్లు, కెమెరాలు పెట్టి మ్యూజియం తెరిచారు. వంతెన దగ్గరే బస్సు దొరుకుతుంది. నేను మాత్రం నడిచే వెళ్లాను. మా మామయ్యకు రోజూ బస్సు డబ్బులుండేవి కావుట.