పెట్టెమీది వాట్లు: ఇంటి సినిమాకు రిసీవరును ఎన్నుకొనుట

ఇంటిలోనే సినిమాహాలువంటి ధ్వనిని వినవలెనను కోరిక ఈనాడు మధ్యతరగతి కుటుంబములలో కూడ కనబడుచున్నది. గోడకు పెద్ద టెలివిజను వచ్చిన పిదప, దాని పలుచని ఒంటిలో ఇమిడిన చిన్న స్పీకర్లు చాలవని తెలియుటకు ఎక్కువ కాలము పట్టదు. అంతట అంగడికి పోయినవానికి వరుసగా పేర్చిన పెట్టెలు, వాటిపై 500, 1000, 5000 వాట్లు అను అంకెలు ఎదురగును. నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుడు ఏడాదిపాటు కూడబెట్టిన సొమ్ముతో అట్టి పెద్ద అంకెగల సామగ్రిని కొని తెచ్చుకొనెను. ఇల్లదరునట్లు ధ్వని వచ్చినది. కాని పాత్రల సంభాషణ మాత్రము తెలియలేదు. ధ్వని పెంచినకొలది మాటలు మరింత అలుక్కుపోయినవి. ఆయన సొమ్ము ఎక్కడ వృథా అయినదో ఉన్నత పాఠశాలలో మనము చెప్పుకొను భౌతికశాస్త్రముతోనే కనుగొనవచ్చును. కొంచెము సంవర్గమానములు తెలిసిన చాలును.

రిసీవరు అనునది ఒకే పెట్టెలో మూడు నాలుగు పనులు చేయు యంత్రము. రేడియో తరంగములను గ్రహించు భాగము కూడ అందులో ఉండుటచేతనే దానికి ఆ పేరు వచ్చినది. టెలివిజనునుండి గాని, డిస్కునుండి గాని అంకెల రూపమున వచ్చు ధ్వనిని అది విడదీసి, ఏ స్పీకరుకు చెందిన భాగమును ఆ స్పీకరుకు పంచి, తగినంత బలమిచ్చి పంపును. 5.1 అనగా ముందు మూడు, ప్రక్కల రెండు, కలిసి అయిదు స్పీకర్లు. ఆ చివరి 1, మంద్రధ్వనులకై వేరుగా నుంచిన సబ్‌వూఫరు. 1992లో ‘బాట్‌మాన్ రిటర్న్స్’ చిత్రముతో సినిమాహాళ్లలో ప్రవేశించిన డాల్బీ డిజిటల్ పద్ధతి ఈ ఏర్పాటుతోనే వచ్చినది.

ఇక వాట్ల సంగతి. పెట్టెమీద 5000 వాట్లు అని యున్న వస్తువును త్రిప్పి వెనుకవైపు రేకును చదివినచో, ‘230 వోల్టులు, 60 వాట్లు’ అని యుండుట కలదు. ఇది శక్తి నిత్యత్వ నియమము తెలిసిన ఏ విద్యార్థికైనను నవ్వు తెప్పించవలెను. గోడనుండి 60 వాట్లు తీసికొను యంత్రము స్పీకరుకు 5000 వాట్లు ఎట్లు ఇచ్చును? సాధారణముగా వాడు బి-తరగతి ఆంప్లిఫయరు సిద్ధాంతరీత్యా కూడ తాను గ్రహించినదానిలో 78.5 శాతమునకు మించి ఇవ్వజాలదు. డి-తరగతి అను పద్ధతిలో 90 శాతము దాటవచ్చును. నూరు దాటుట ఏ తరగతికిని సాధ్యము కాదు. పి.ఎం.పి.ఒ. అను పేరుతో మన బజారులలో చెలామణి అయిన ఈ అంకెలకు నిర్ణీతమైన కొలత పద్ధతియే లేదు. అయితే ఒక న్యాయము చెప్పవలెను. వెనుక రేకుమీది అంకె యంత్రము పూర్తి బలముతో పనిచేయునప్పటిది కాదు. మామూలు సంగీతము నడుచునప్పటిది. కెపాసిటర్లలో నిలువయున్న విద్యుత్తుతో క్షణకాలము అంతకుమించి ఇవ్వగలదు కూడ. కనుక 350 వాట్లు అని వ్రాసియున్న మంచి రిసీవరు, చానలుకు 80 వాట్లు చొప్పున ఇత్తునని చెప్పుట మోసము కాదు. 60కి 5000 అనునదే మోసము.

మంచి సంస్థల పెట్టెలమీది అంకెలను సైతము షరతులతో కలిపి చదువవలెను. ఒక పెట్టెమీద ‘140 వాట్లు’ అని పెద్ద అక్షరములతో ఉండును. క్రింద చిన్న అక్షరములతో 6 ఓములు, 1 కిలోహెర్ట్జు, 10 శాతము విరూపణము, ఒక చానలు మాత్రమే అని యుండును. మరియొకదానిపై ‘80 వాట్లు’. 8 ఓములు, 20 నుండి 20,000 హెర్ట్జులవరకు, 0.08 శాతము విరూపణము, రెండు చానళ్లు కలిసి అని యుండును. ఈ రెండును ఒకే యంత్రమునకు చెందిన అంకెలైనను ఆశ్చర్యపడనక్కరలేదు. అమెరికాలో ఈ గందరగోళమును అణచుటకై 1974లో ప్రభుత్వ వాణిజ్య సంఘము ఒక నియమమును తెచ్చి, దానిని 2024లో మరింత బిగించినది. కొనువారు పోల్చవలసినది 8 ఓములవద్ద, పూర్తి పౌనఃపున్య పరిధిలో, కనీసము రెండు చానళ్లు ఒకేమారు పనిచేయుచుండగా కొలిచిన అంకెను. మిగిలినవి అలంకారములు.

సరే, నిజమైన వాట్లే ఎన్ని కావలెను? లెక్క వేసి చూతము. స్పీకరుతో వచ్చు కాగితముమీద దాని సున్నితత్వము, అనగా ఒక వాటు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరమున కలుగు ధ్వని, డెసిబెల్‌లలో ఉండును. అది 87 అనుకొందము. వినువాడు 3 మీటర్ల దూరమున కూర్చుండెను. విలోమవర్గ నియమము ననుసరించి దూరము మూడింతలైన తీవ్రత తొమ్మిదవ వంతగును, అనగా 9.5 డెసిబెల్‌లు తగ్గును. గదిలో గోడలు ధ్వనిని త్రిప్పికొట్టుటచే నిజమునకు అంత తగ్గదు. అయినను పూర్తిగా తీసివేయుదము. మిగిలినది 77.5 డెసిబెల్‌లు. ఎదురెదుట నిలిచి మాటలాడుకొనునప్పటి ధ్వని సుమారు 60 డెసిబెల్‌లే కదా! కావున ఒక్క వాటుతోనే గది నిండుచున్నది. సంభాషణను 70 వద్ద వినదలచినచో అందుకు కావలసినది వాటులో అయిదవ వంతుకంటె తక్కువ. ఉరుము ఉరిమినప్పుడు, బాంబు ప్రేలినప్పుడు అంతకు 20 డెసిబెల్‌లు ఎక్కువ, అనగా 90 కావలెననుకొన్నను, 18 వాట్లు సరిపోవును.

50 వాట్ల రిసీవరును వదలి, మరింత సొమ్ము పోసి 100 వాట్లది తెచ్చినవానికి ఏమి లభించును? సామర్థ్యము రెట్టింపైన పెరుగునది 3 డెసిబెల్‌లు మాత్రమే. చెవికి ‘కొంచెము హెచ్చినది’ అని తోచును, అంతే. ధ్వని రెండింతలైనట్లు వినబడవలెనన్న సుమారు 10 డెసిబెల్‌లు పెరుగవలెను. అందుకు 500 వాట్లు కావలెను. 87కు బదులు 90 డెసిబెల్‌ల సున్నితత్వముగల స్పీకరును ఎన్నుకొన్నచో అదే 3 డెసిబెల్‌లు రిసీవరుమీద పైకము పెట్టకయే దొరకును. కావున పరిమితమైన సొమ్ముగలవారు రిసీవరుమీద కాక స్పీకర్లమీద ఎక్కువ భాగము వెచ్చించుట మంచిది. మంద్రధ్వనులే సామర్థ్యమును ఎక్కువగా త్రాగునవి. స్వంత ఆంప్లిఫయరుగల సబ్‌వూఫరు ఉన్నచో 80 హెర్ట్జులకు దిగువవానిని దానికి అప్పగించవచ్చును; రిసీవరు భారము అంతమేరకు తగ్గును.

మన ఉపాధ్యాయుని ఇంటి దోషమునకు వత్తము. అది వాట్లది కాదు, గదిది. గదిలో ధ్వని 60 డెసిబెల్‌లు తగ్గుటకు పట్టు కాలమును ప్రతినాద కాలమందురు. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున మాటలు తెలియని ఒక ఉపన్యాస మందిరమును బాగుచేయ పూనుకొనిన వాలెస్ సబీన్, నాటకశాలనుండి కుర్చీల దిండ్లను రాత్రులందు మోసి తెచ్చి పరచి, ఆ కాలము ఎంత తగ్గునో కొలిచి ఒక సూత్రమును కనిపెట్టెను. గది ఘనపరిమాణమును 0.161తో గుణించి, గది మొత్తము శోషణముచే భాగించినచో సెకన్లు వచ్చును. తెరచిన కిటికీ ఒక చదరపు మీటరు ఎంత ధ్వనిని మింగునో అదియే శోషణమునకు ఒక ప్రమాణము.

ఆ ఉపాధ్యాయుని గది 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. నేల నాపరాయి, గోడలు నున్నని సిమెంటు. ఘనపరిమాణము 60, ఉపరితలము 94 చదరపు మీటర్లు. ఇట్టి గట్టి తలములు తమపై పడిన ధ్వనిలో నూటికి మూడు పాళ్లు మ్రింగుననుకొన్నచో శోషణము 2.8, ప్రతినాద కాలము సుమారు 3.4 సెకన్లు! మనము సెకనుకు నాలుగైదు అక్షరములు పలుకుదుము. ఒక అక్షరము అణగకముందే పదికి పైగా దానిపై వచ్చి పడుచున్నవి. ధ్వనిని పెంచినచో వెనుకటి అక్షరము కూడ అంతే పెరుగును కనుక ఫలితముండదు. మడతలుగల దళసరి తెరలు, నేలమీద జంపఖానా, దూదిపరుపు వేసిన మంచము, నలుగురు మనుష్యులు చేరగా శోషణము సుమారు 12 అయినది, కాలము 0.8 సెకనుకు దిగినది. మాటలు తెలిసినవి. జంపఖానా ఇంటిలో ఉన్నదే.

రిసీవరులో నిజముగా చూడవలసినవి కొన్ని కలవు. దానితో చిన్న మైక్రోఫోను ఇత్తురా అని అడుగవలెను. వినువాడు కూర్చుండు చోట దానిని ఉంచినచో, రిసీవరు ఒక్కొక్క స్పీకరునుండి ధ్వని ఎంత కాలములో వచ్చుచున్నదో కొలిచి సరిచేయును. ముందు స్పీకరు 3 మీటర్లలో, ప్రక్కది ఒకటిన్నర మీటరులో ఉన్నచో, ప్రక్కదానిని సుమారు 4.3 మిల్లీసెకన్లు ఆలస్యము చేయవలెను. ధ్వని సెకనుకు 346 మీటర్లు పోవునని గ్రహించి విద్యార్థులే ఈ లెక్క సరిచూడవచ్చును. టెలివిజనుకు కలుపుటకు హెచ్.డి.ఎం.ఐ. రంధ్రములో ఆర్క్ అను సౌకర్యము ఉండవలెను. పాత రిసీవరు చవుకగా దొరికి, అందులో కాంతితంతి రంధ్రము మాత్రమే యున్నను వెనుదీయనక్కరలేదు; 5.1 డాల్బీ డిజిటల్ ధ్వని దానిగుండ కూడ వచ్చును.

అమెరికానుండి బంధువులు తెచ్చు రిసీవర్లు మన ఇండ్లలో అనేకము కలవు. అవి చాలవరకు 120 వోల్టులకే నిర్మించినవి. వెనుక రేకు చదువక మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టినచో ఒక్క క్షణములో కాలిపోవును. వోల్టేజిని తగ్గించు ట్రాన్స్‌ఫార్మరును కొనక తప్పదు. అదియును రిసీవరు తీసికొను వాట్లకంటె హెచ్చు సామర్థ్యము గలదై యుండవలెను. ఆ ట్రాన్స్‌ఫార్మరు ధరను, విమానములో రిసీవరును తెచ్చిన బరువు రుసుమును కలిపి చూచినచో, చాలమారులు ఇక్కడ కొనుటయే చవుకగా తేలును.