నందిగామ ఎండ, గేము తెర: హెచ్‌డీఆర్ విశేషాలు

మీకు తెలుసా?

● నందిగామ చుట్టుపక్కల కల్లాల్లో మిర్చి ఎండబోసే వేళ, మిట్టమధ్యాహ్నం అక్కడ ఓ తెల్లకాగితం పెడితే దాని వెలుగు సుమారు 30,000 నిట్లు (నిట్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం). మామూలు మానిటర్ల ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణంలో తెలుపు 80 నిట్లే. వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) తెర, మంచిదైతే 1,000 నిట్ల దాకా పోతుంది. ఎండను అది కూడా అందుకోలేదు. కానీ ఎండకీ నీడకీ ఉన్న తేడాను చాలావరకు నిలబెడుతుంది.

● గేములకు ఈ లెక్క కొత్త కాదు. 2005లో వాల్వ్ సంస్థ ‘హాఫ్-లైఫ్ 2: లాస్ట్ కోస్ట్’ను ఈ వెలుగుల ప్రదర్శన కోసమే విడుదల చేసింది. వెలుగంతా లోపల లెక్కగట్టి, ఆఖర్న మామూలు తెరకు పట్టేలా కుదించేవారు. ఆ కుదింపు పేరు టోన్ మ్యాపింగ్. గేముకు హెచ్‌డీఆర్ చేర్చడమంటే ముఖ్యంగా ఆ ఆఖరి మెట్టును తిరగరాయడం, పారేస్తున్న వెలుగును తెరదాకా పంపడం.

● ఆ వెలుగును అంకెల్లో పెట్టే పద్ధతి ‘పీక్యూ’. 2014లో ప్రమాణమైంది. 10,000 నిట్ల వరకు కొలుస్తుంది. కానీ 100 నిట్లకు చేరేసరికే దాని అంకెల్లో సగం అయిపోతాయి! మసక వెలుతురులో చిన్న తేడా కూడా కంటికి తెలుస్తుంది కనుక ఎక్కువ అంకెలు అటే కేటాయించారు.

● 8 బిట్లలో ఒక్కో రంగుకు 256 మెట్లే. 10 బిట్లలో 1,024. మెట్లు చాలకపోతే, కీసర దగ్గర మునేరు మీద సాయంత్రపు ఆకాశాన్ని గేములో గీసినా చారలు చారలుగా కనిపిస్తుంది.

● కంటికి కనిపించే రంగుల్లో పాత ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణం పట్టుకునేది సుమారు 36 శాతం. 2012లో వచ్చిన బీటీ.2020 పట్టుకునేది 76 శాతం దాకా. పాత ఎరుపు అంకెలను మార్చకుండా కొత్త ప్రమాణంలో పంపితే, ఎండుమిర్చి రాశి నియాన్ దీపంలా మండిపోతుంది. అంకెలను ముందు కొత్త కొలతలోకి మార్చాలి.

● అక్షరాలు, స్కోరు, మ్యాపు కూడా సూర్యుడితో సమానంగా వెలిగితే ఆడేవాళ్ల కళ్లు మండుతాయి. హెచ్‌డీఆర్ తెర మీద తెల్లకాగితం స్థాయికి అంతర్జాతీయ సూచన 203 నిట్లు. అక్షరాలను విడిగా గీసి, వాటి వెలుగు మీట ఆడేవాళ్ల చేతికే ఇవ్వాలి.

● మానిటర్ పెట్టె మీద ‘డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400’ అని ఉంటే, 400 అంటే గరిష్ఠ నిట్లు. తెరలో చీకటి ఉన్నచోట మాత్రమే దీపం తగ్గించే ఏర్పాటు ఆ స్థాయికి తప్పనిసరి కాదు. బెజవాడ వెళ్లి కొనేవాళ్లు ఇది అడిగి తెలుసుకోవాలి.

● జగ్గయ్యపేట ధనంబోడు స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించారు. అక్కడ దొరికిన మాంధాత శిల్పంలో చక్రవర్తి చెయ్యెత్తగా మేఘాల నుంచి చదరపు నాణేలు కురుస్తుంటాయి. ఈ దృశ్యాన్ని గేములో పెట్టి సున్నపురాయికి 200 నిట్లు, నాణెం మెరుపుకు 800 ఇచ్చామనుకోండి. మామూలు తెర మీద రెండూ 8 బిట్ల చివరి అంకె 255 దగ్గరే ఆగి నాణెం రాయిలో కలిసిపోవచ్చు. హెచ్‌డీఆర్‌లో ప్రతి నాణెం విడిగా మెరుస్తుంది. గేములు నేర్చుకుంటున్న మన ఊళ్ల పిల్లలు మొదట కట్టదగ్గ దృశ్యం ఇదే.